తట్టెడు మన్ను

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారము దాటునపుడు అచట వ్రేలాడుచున్న గునపమును భక్తులు కన్నులార చూచి నమస్కరింతురు. అది అనంతాళ్వారులదని పెద్దలు చెప్పుదురు. శ్రీమద్రామానుజాచార్యుల ఆజ్ఞను శిరసావహించి కొండకు వచ్చి, స్వామికి పుష్పకైంకర్యము చేయుచు, పూదోటకై చెరువు త్రవ్వ నారంభించిన మహనీయుడాయన. ఆయన త్రవ్వుచుండగా గర్భవతియైన ధర్మపత్ని తట్టలతో మన్ను మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తానును మోసెదననెను. ఇది గురువులు తమకొసగిన సేవ యనియు, ఇందు పరులకు పాలు లేదనియు ఆళ్వారులు నిరాకరించిరి. ఆ తల్లి శ్రమ చూడలేక బాలుడు చాటుగా తట్ట నందుకొనెను. అది కనుగొని ఆయన కోపముతో విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. పిదప గర్భాలయమున స్వామి చుబుకమునుండి రక్తము స్రవించుట కనబడెను. నేటికిని స్వామి చుబుకమున పచ్చకర్పూరము నలంకరించుట ఆ గాయమునకు గుర్తని సంప్రదాయము.

ఈ కథయందు ఆచార్యనిష్ఠ యెంతటిదో తెలియుచున్నది. దానితోపాటు మరియొక విశేషము గమనింపవలెను. జగన్నాథుడు తానై వచ్చి యడిగినది నైవేద్యము కాదు, ఆభరణము కాదు. తట్టెడు మన్ను మోయు భాగ్యము. నీటికొఱకు మన్ను మోయుట అంత పవిత్రమైన పని. అట్టి పనిని పంచుకొన గోరువాడు భగవంతుడు. 'ఇది నాది' యని పట్టుకొనువాడు మానవుడు.

ఈ 'నాది' యను భావమును విడిచి నీటికై మన్ను మోయువారు దూరదేశములందును కలరు. ఇంగ్లండు దేశమున 18వ శతాబ్దమునుండి బొగ్గును, సరకులను పడవలపై చేరవేయుటకై అనేకములైన కాలువలు త్రవ్వబడినవి. రైళ్లు వచ్చిన పిదప వానిలో పెక్కింటికి వ్యాపారము తగ్గెను. లాకులు శిథిలమయ్యెను, కాలువలు పూడిపోయి ముండ్లపొదలతో నిండెను. వానిని కాపాడుటకై 1946లో ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ అను సంఘము వెలసెను. 1970లో ఏర్పడిన వాటర్‌వే రికవరీ గ్రూప్ అను స్వచ్ఛంద సేవకుల సంస్థ వారము దినముల శ్రమ శిబిరములను నడపుచున్నది.

ఉద్యోగులు, విద్యార్థులు, వృద్ధులు తమ సెలవులను విశ్రాంతికి వినియోగింపక ఈ శిబిరములకు వత్తురు. కూలి పుచ్చుకొనుట యటుండగా, భోజన వసతులకై తామే కొంత సొమ్ము చెల్లింతురు. రాత్రులందు గ్రామసభామందిరముల నేలపై పండుకొందురు. పగలు పొదలు నరుకుదురు, పూడిక తీయుదురు, సున్నముతో ఇటుకలు పేర్చి లాకుల గోడలను తిరిగి కట్టుదురు. కొన్నియెడల నీరింకకుండ, పూర్వులు చేసినట్లే, బంకమట్టిని మెత్తగా మర్దించి కాలువ యడుగున పఱచుదురు.

ఇంత శ్రమకు ఫలమెప్పుడు? హడర్స్‌ఫీల్డ్ నారో కెనాల్ అను కాలువ 1811లో పూర్తియై, 1944లో విడిచిపెట్టబడెను. 1974లో కొందరు సంఘముగా ఏర్పడి దాని పునరుద్ధరణకు పూనుకొనిరి. అందు 74 లాకులు కలవు. క్రమముగా స్థానిక ప్రభుత్వములును, ప్రజాధనమును తోడయ్యెను. 2001లో గాని ఆ కాలువపై పడవలు మరల సాగలేదు. సంఘము పుట్టిన నాటికిని ఆ దినమునకును నడుమ 27 సంవత్సరములు గడచెను! 1816లో ప్రారంభమై 1871లో మూతబడిన వే అండ్ అరున్ కెనాల్ పునరుద్ధరణ 1970 దశకమునుండి జరుగుచు నేటికిని ముగియలేదు. ఒక్క వారము పనిచేసి వెడలువాడు తాను మోసిన తట్టెడు మన్నుకు ఫలము చూచునను నమ్మకము లేదు. అయినను మోయును. మరునాడు మరియొకడు వచ్చి ఆ తట్ట నందుకొనును.

వారు దీనిని పూజ యని చెప్పరు గదా, కైంకర్యముతో పోలిక యేమని కొందరడుగవచ్చును. నిజమే. ప్రాచీనవస్తువులందలి ప్రీతితో కొందరు, స్నేహమునకై కొందరు వత్తురు. కాని ఈ చరాచర జగత్తంతయు నారాయణునకు శరీరమని రామానుజులు బోధించిరి. ఆ శరీరమున ఎండిన నీటిదారిని నింపుట, చేయువాడెఱిగినను ఎఱుగకున్నను, ఆయనకే చెందును. ఎఱిగియు చేయని మనకే సంజాయిషీ కలదు.

మన గ్రామాలయముల కోనేరు లెన్ని పూడిపోవుచున్నవి! స్నానమాచరించి తడిబట్టలను, ప్లాస్టిక్ సంచులను అందే విడుచువారమును మనమే. పూడినదని విచారించువారమును మనమే. సంవత్సరమునకు ఒక్క సెలవుదినమున అర్చకస్వాముల, గ్రామపెద్దల అనుమతితో కుటుంబసమేతముగా తట్ట పట్టినచో అదియొక తీర్థయాత్రయే యగును. పని పూర్తి యగుటను మనము చూడకపోవచ్చును. మన బిడ్డలు ఆ నీటిని శిరస్సున చల్లుకొందురు, అది చాలును.

అట్లు మోయునపుడు ఎవడైన వచ్చి 'నేనును మోసెద'నన్నచో, కులమును, ఊరును అడుగక తట్ట నీయవలెను. వచ్చినవా డెవ్వడో మనకేమి తెలియును?