ఉచిత పాఠం ఎవరి వంతు?

ఆన్‌లైన్ పాఠాలు ఉచితం అంటారు. నిజమే, డబ్బు అడగరు. కానీ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోన్, చదువుకునే పిల్లలు ముగ్గురు అయితే ఆ పాఠం ముందు ఎవరికి దక్కాలి? ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ముందు వాటి మేలు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, 'దీక్ష'ను ప్రారంభించింది. అందులో బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకుంటే పాఠాలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠాలు తెలుగులో ఉంటాయి. మడివాళలో ఉంటూ తెలుగు మాధ్యమంలో చదివే మనకు ఇది చిన్న విషయమేం కాదు. వీధిలో కన్నడ, మార్కెట్‌లో దానికి తోడు తమిళం, ట్యూషన్‌లో ఇంగ్లీషు. బడి గేటు దాటాక 'కిరణజన్య సంయోగక్రియ' అంటే ఏమిటో తెలుగులో చెప్పే మనిషి దొరకడం కష్టం. ఫోన్‌లో ఆ గొంతు దొరుకుతుంది. పదిసార్లు వెనక్కి జరిపినా విసుక్కోదు.

అయితే దానికి మన ముఖం కనబడదు. ఖాన్ అకాడమీ సంగతే చూడండి. అమెరికాలో సల్మాన్ ఖాన్ (సినిమా హీరో కాదు!) 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. అదే తర్వాత ఖాన్ అకాడమీ అయింది. ఆ అమ్మాయి ఎక్కడ ఆగిపోయిందో ఆయన అడిగి తెలుసుకోగలిగారు. పాఠం వీడియో అయ్యాక లోకమంతా చూస్తోంది కానీ, ఎవరు ఎక్కడ ఆగిపోయారో వీడియో అడగదు. పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

ఇక వంతు సంగతి. మా ఇంట్లో ఫోన్ నాన్నది, ఆయన పని నుంచి వచ్చాకే మా చేతికి వస్తుంది. నాది పదో తరగతి, తమ్ముడిది ఎనిమిది, చెల్లిది ఆరు. "పబ్లిక్ పరీక్ష ఉన్న పిల్లకి ముందు ఇవ్వండి" అంటారు చుట్టాలు. కొన్ని ఇళ్లలో ఇంకో లెక్క ఉంది: మగపిల్లాడికి ముందు. ఆడపిల్ల అంట్లు తోమి వచ్చేసరికి డేటా అయిపోయి ఉంటుంది. ఈ రెండో లెక్కకు ఎంత ఆలోచించినా నాకు ఒక్క కారణం దొరకలేదు. మొదటిదానికి కారణం ఉంది, అయినా నేను ఒప్పుకోను. భిన్నాలు, రుణ సంఖ్యలు, సమీకరణాలు నేర్చుకునేది ఆరు, ఏడు, ఎనిమిదిలోనే. అక్కడ జారిపోతే పదిలో ఎన్ని వీడియోలు చూసినా పట్టు చిక్కడం కష్టం. మరి తలా అరగంట అని సమానంగా పంచితే? వినడానికి బాగానే ఉంది. నాకు బడిలో లేచి అడిగే ధైర్యం ఉంది, చెల్లికి లేదు. ఇద్దరికీ అదే అరగంట ఇస్తే సమానం అయినట్టేనా?

కాబట్టి ముందు చెల్లికి అన్నాను. ఎవరు చూసినా తర్వాత మిగతా ఇద్దరికీ చెప్పాలి, ఇది నా షరతు. చెప్పకపోతే తప్పేంటి, కష్టపడి చూసింది నేనే కదా అని తమ్ముడి వాదన. నువ్వు చూస్తున్నంతసేపూ మేమిద్దరం ఫోన్ వదులుకున్నాం, ఆ పాఠంలో మా వాటా ఉంది అన్నాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు.

ఒక్క విషయంలో మాత్రం మాకు వాదన లేదు. పాఠం మధ్యలో మేస్త్రి ఫోన్ చేస్తాడు. ఆ కాల్ ఎత్తకపోతే రేపటి పని ఇంకొకరికి పోతుంది. అప్పుడు వంతు నాన్నదే.