జముకు ఆగిందా, చేయి మారిందా

ఉద్దానంలో జముకుల కథ చెప్పేవాళ్లు తగ్గిపోయారని అంటారు. కొండమీద మా సవర ఊళ్లలో డప్పు పట్టే చేతులు తగ్గాయని మా పెద్దలంటారు. ఫోన్ తెరిస్తే మాత్రం సవర పాటలే, కీబోర్డు దరువుతో, కొత్త బట్టల ఆటలతో. ఇంతకీ మన పాట పోతోందా, పెరుగుతోందా? నలుగురు ఉపాధ్యాయులు కూర్చున్న చోట ఈ మాట వస్తే వెంటనే రెండు జట్లయిపోతాయి. ఏ జట్టులోనైనా చేరే ముందు ఈ నేలమీదే జరిగిన ఒక ప్రయోగాన్ని తలుచుకోవాలి.

జముకు చాలామంది పిల్లలు చూడని వాద్యం. గుండ్రటి పాత్రకు ఒకవైపు తోలు మూసి, ఆ తోలు నడుమ నుంచి తీగ లాగుతారు. తీగ బిగిస్తే స్వరం ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. దానితో ఊరూరా చెప్పినవి దేవతల కథలు. పలాస దగ్గర బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకులోకి కూలిని, వడ్డీని, భూమిని తెచ్చాడు. వాద్యం అదే, వంత అదే, కథ మారింది. శ్రీకాకుళ గిరిజన పోరాట కాలంలో ఆ పాట అజ్ఞాతంలోకి వెళ్లింది. 1969 డిసెంబరులో పంచాది నిర్మలతో పాటు ఆయనా పోలీసుల చేతుల్లో చనిపోయారు. ఆ పోరాటం మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ మా ప్రశ్న ఒక్కటే: ఆయన జముకును చెడగొట్టాడా, బతికించాడా?

బతికించాడనే మేమంటాం. కథ చెప్పేవాడు ఒక మాట అంటే వంతవాడు అందుకుంటాడు, వినేవాడు ‘ఊ’ కొడతాడు. ఆ మూడూ ఆయన దగ్గర ఆగలేదు. తరవాత 1972లో జననాట్యమండలి వచ్చింది. పార్వతీపురం వైపు నుంచి వంగపండు ప్రసాదరావు ఈ ప్రాంతపు యాసను, దరువును రాష్ట్రమంతా వినిపించారు. 2020లో ఆయన పోయారు. అదే ఏడు ‘పలాస 1978’ సినిమాతో ఉత్తరాంధ్ర జానపదం పెళ్లి ఊరేగింపుల్లో మోగింది. ఇచ్ఛాపురంలో డీజే బండి వెనక ఎగిరే కుర్రాళ్లకు అది ఎవరి ఇంటి పాటో తెలియదు. తెలియకపోయినా కాళ్లు ఆగవు, అది వేరే సంగతి!

పేరు మోగినంత మాత్రాన పాట బతికినట్టేనా? మందస కొండల్లోనైనా సీతంపేట వైపైనా మా పాట పుట్టే తీరు చూడండి. అటు మగపిల్లలు, ఇటు ఆడపిల్లలు. అటువాళ్లు ఎగతాళిగా ఒక చరణం కడితే ఇటువాళ్లు అప్పటికప్పుడు జవాబు కట్టాలి. నిన్న సంతలో జరిగింది ఇవాళ పాటలో ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిమామిడిని కూల్చేసింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరేదని వెతుక్కోవాలి. ఇవన్నీ పాటలోకి రావాలి. నాలుగు నిమిషాల రికార్డు పాటలోకి ఇవేవీ కొత్తగా చొరబడలేవు. ఎన్నిసార్లు వేసినా అదే చరణం, జవాబు చెప్పడానికి ఎదుట ఎవరూ ఉండరు.

అలాగని వీడియో పాటలు చేసే పిల్లలను మేము తక్కువ చేయం. హాస్టల్లో సవర మాట్లాడటానికి సిగ్గుపడే వయసులో, తెలుగు అక్షరాల్లో సవర పాట రాసి, దాన్ని పదిమందికీ వినిపించడం చిన్న ధైర్యం కాదు. వాళ్లకు పాణిగ్రాహి చేసిన పనిలో సగం వచ్చేసింది. మిగతా సగం ఎదుటివాడి జవాబు.

ఆ జవాబు ఆగితే ఏమవుతుందో ఒడిశా వైపు మా సవరలే చూశారు. అక్కడ చనిపోయినవాళ్లు పూజారిణి నోట మాట్లాడేవారు. బతికినవాళ్లు వాళ్లతో వాదించేవారు, ఏడ్చేవారు, తిట్టేవారు కూడా. 1970ల నుంచి ఆ ఊళ్లకు వెళ్లిన పియర్స్ విటెబ్‌స్కీ ఆ సంభాషణ ఎలా ఆగిపోయిందో 2017లో ‘లివింగ్ వితౌట్ ద డెడ్’ అనే పుస్తకంలో రాశాడు. కొత్త తరం వేరే ప్రార్థనలకు, వేరే పాటలకు వెళ్లింది. గొంతులు మూగబోలేదు. తాతతో మాట్లాడే దారి మాత్రం మూసుకుపోయింది. అది ఎదుగుదలే అనేవాళ్లున్నారు. మాకు అంత తేలిగ్గా ఆ మాట నోటికి రాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ‘మారుతోందిలే’ అని తేలిగ్గా అనేది చాలాసార్లు ఏమీ పోగొట్టుకోనివాడు. ‘చచ్చిపోతోంది, కాపాడండి’ అనేవాడేమో మనల్ని ఈకల తలపాగాలో కదలకుండా నిలబెట్టి ఫోటో తీసుకుంటాడు. ఇద్దరి మధ్యా డప్పు మనిషి ఉన్నాడు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిలుస్తారు, వేదిక పక్కన కూర్చోబెడతారు, పాట మాత్రం పెట్టెలోంచి వస్తుంది. సాయంత్రం భోజనం పెట్టి పంపిస్తారు. ఆయన ఆ రోజు జీడితోటలో కూలి మానుకుని వచ్చాడు. పాట మారడానికి మాకు అభ్యంతరం లేదు. ఆ కూలి ఎవరిస్తారు, ఆయన చేతిలోని దరువు ఏ పిల్లవాడి చేతికి వెళ్తుంది అన్నదే అభ్యంతరం.

అందుకే బడుల్లో పనిచేసే మావాళ్లతో ఒక మాట అనుకుంటున్నాం. పెట్టె పాట భోజనాల తరవాత. ముందు డప్పు, ఆ డప్పు మనిషికి కూలి లెక్కన డబ్బు. పిల్లలు రెండు జట్లుగా నిలబడి, ఈ ఏడు తమ ఊళ్లో జరిగిన దాని మీద సవరలో ఒక చరణం కట్టి తేవాలి. ఆ చరణం ఆలస్యంగా బడికి వచ్చే మాస్టారి మీదే వస్తే? రానివ్వండి. వరసైనవాణ్ని పాటలో ఏడిపించడం మన దగ్గర ఎప్పుడూ ఉన్నదే. మాస్టారు కూడా జవాబు కట్టుకుని సిద్ధంగా ఉండాలి.