అసాధ్యం అంటే అసలు అర్థం ఏమిటి? శంషాబాద్ మేడ మీద మామ అడిగిన ప్రశ్న



మా మామది శంషాబాద్. మేడ ఎక్కితే చాలు, నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటాయి. పోయిన వేసవిలో అక్కడే కూర్చొని ఆయన ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. అయస్కాంతాలతో నడిచే మోటారట. డీజిల్ వద్దు, కరెంటు వద్దు, ఒక్కసారి తిప్పి వదిలేస్తే ఇల్లంతటికీ కరెంటు ఇస్తుందట. మామ అప్పటికే 20,000 అడ్వాన్సు కట్టేశారు. ఇంకో లక్ష కట్టాలి.

"మామా, అది అసాధ్యం" అన్నాను.

ఆయన పైన పోతున్న విమానం వైపు వేలు చూపించారు. "ఇది గూడ ఎగరదనే చెప్పిర్రు గదరా పెద్ద పెద్ద సైంటిస్టులు! ఎగురుతలేదా? దేవుడు తలుచుకుంటే కానిదేముంది?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే మామ చెప్పింది సగం నిజం.

ఒకే మనిషి, రెండు మాటలు

1896లో లార్డ్ కెల్విన్ అనే గొప్ప శాస్త్రవేత్త, బెలూన్లు తప్ప మరే ఆకాశయానం మీదా తనకు రవ్వంత నమ్మకం లేదని ఒక ఉత్తరంలో రాశారు. ఏడేళ్లు తిరిగేసరికి, 1903 డిసెంబర్ 17న, రైట్ సోదరుల విమానం 12 సెకన్ల పాటు గాల్లో ఎగిరింది.

కెల్విన్ ఎక్కడ పొరబడ్డారు? గాలి కంటే బరువైనది ఎగరకూడదని ప్రకృతిలో నియమమేమీ లేదు. ఉంటే గద్ద కూడా ఎగరకూడదు కదా! ఆయన చెప్పింది అభిప్రాయం. "మన చేతుల్లో ఇంకా కాలేదు" అనే మాటకు అది పెద్ద మనిషి వేసిన ముద్ర, అంతే.

కానీ అదే కెల్విన్ శక్తి సూత్రాలను తీర్చిదిద్దినవాళ్లలో ఒకరు. శక్తి ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుందే తప్ప, శూన్యం నుంచి పుట్టదు. బ్యాంకు ఖాతా లాంటిదే, వేసిన దానికంటే ఎక్కువ తీయలేం. కెల్విన్ అభిప్రాయం పడిపోయింది, ఈ సూత్రం నిలబడింది. మామ చూపించిన విమానంలో ఎంత ఇంధనం పోయాలో లెక్క కట్టేది కూడా ఈ సూత్రం మీదే.

అంటే విమానం మామ తరఫు సాక్షి కాదు, నా తరఫు సాక్షి!

మనవాళ్లూ ప్రయత్నించారు

ఆగకుండా తిరిగే చక్రం కోసం ఎందరో తపించారు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యులు పాదరసం నింపిన ఆకులతో తనంతట తానే తిరిగే చక్రాన్ని వర్ణించారు. తర్వాత యూరప్‌లోనూ శతాబ్దాల తరబడి చేసి చూశారు. చివరికి 1775లో పారిస్ సైన్స్ అకాడమీ, ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలు ఇక పరిశీలించబోమని ప్రకటించింది.

ఇది అహంకారమా? కాదండి. సైన్స్ "అసాధ్యం" అన్నప్పుడు దాని వెనక ఒక షరతు ఉంటుంది: "ఇన్నాళ్లూ పరీక్షకు నిలిచిన ఈ నియమం నిజమైతే, ఇది జరగదు." బయటి నుంచి ఏ శక్తీ అందకుండా ఒక యంత్రం కరెంటు ఇస్తూనే ఉందని ఎవరు కొలిచినా, ఎన్నిసార్లు కొలిచినా తేలితే, ఆ నియమమే మారాలి. ఎలా ఓడిపోవచ్చో తానే చెప్పే మాట అది. మోటారు అమ్మేవాడు మాత్రం "ముందు డబ్బు కట్టండి, తర్వాత చూపిస్తా" అంటాడు.

మరి మన పుష్పకం?

మనలో చాలామందికి గుచ్చుకునే చోటు ఇదే. వైమానిక శాస్త్రం అనే గ్రంథాన్ని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు పరిశోధకులు పరిశీలించి 1974లో అధ్యయనం ప్రచురించారు. అందులో వర్ణించిన విమానాలు ఎగరలేవని, ఆ గ్రంథం ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లదని తేల్చారు.

దాంతో రామాయణానికి వచ్చిన నష్టం ఏమిటి? ఏమీ లేదు. రావణుడు పుష్పకాన్ని కుబేరుడి దగ్గర బలవంతంగా లాక్కున్నాడు. రాముడు అయోధ్య చేరగానే దాన్ని కుబేరుడికే తిరిగి పంపించేశాడు. అది ఏ ఇంజిన్‌తో ఎగిరిందని కథ అడగడం లేదు. నీది కానిది నీ చేతికొస్తే ఏం చేస్తావని మనల్ని అడుగుతోంది. దీనికి దొంగ సైన్స్ తోడు అక్కర్లేదు.

"కూడదు" వేరు, "కాదు" వేరు

ఆ మేడకు కొద్ది దూరంలోనే ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి, మన రామానుజాచార్యులు. అర్హులకే రహస్యంగా చెప్పాల్సిన మంత్రాన్ని ఆయన తిరుక్కోష్టియూర్ గోపురమెక్కి అందరికీ వినిపించారని సంప్రదాయం చెబుతుంది. అందరికీ మంత్రం అందడాన్ని ఆపింది ప్రకృతి నియమం కాదు, మనుషులు పెట్టుకున్న కట్టుబాటు. దాన్ని దాటడానికి గురువు కోపాన్నీ, నరకాన్నీ భరించడానికి సిద్ధపడ్డారు.

అందుకే ఎవరైనా "అసాధ్యం" అంటే ఒక్క మాట అడగండి: దేని వల్ల? ఇంకా చేతకాక అయితే, సాధన చేద్దాం. మనుషులు వద్దన్నందుకైతే, ధైర్యం చేద్దాం. ప్రకృతి నియమం వల్ల అయితే, తల వంచుదాం. ఆ నియమం కూడా ఆ పరమాత్మ సృష్టిలోదే అని నమ్మేవాళ్లం కదా!

ఇదంతా విన్నాక మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దేవుడు కరెంటు బిల్లు కట్టడు అంటవ్, అంతేనా?" అని నవ్వారు. 20,000 తిరిగి రాలేదు. లక్ష మాత్రం మిగిలింది.

శుభం.