నెల తప్పడం వేరు, నీళ్లోసుకోవడం వేరు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో గొంతు తగ్గించి "పెద్దమ్మా, మాత్రలు ఆపి నెలన్నర అయింది, ఇంకా రాలేదు" అన్నావు. పక్కగదిలో మీ అత్తగారు ఉన్నారని అర్థమైంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మనవైపు నెల తప్పిందంటే కడుపుతో ఉందనే. ముప్పై ఏళ్లు ఏఎన్‌ఎంగా ఊళ్లు తిరిగిన నేను కూడా ఒకసారి ఆ మాటను నమ్మి తప్పు చేశాను. గర్భం రాకుండా వేసుకునే మాలా-ఎన్ మాత్రలు మానేసిన ఒక కొత్త కోడలికి రెండు నెలలు రాకపోతే, పరీక్ష చెయ్యకుండానే "శుభమేనమ్మా" అన్నాను. సాయంత్రానికి వాళ్లవాళ్లు వీధంతా స్వీట్లు పంచారు. పదిరోజులకు ఆ పిల్లకు నెలసరి వచ్చింది. తప్పు నాది, మాటలు పడింది తను. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

నువ్వు వాడిన మాలా-ఎన్ ప్యాకెట్లో 21 హార్మోను మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఐరన్ మాత్రల రోజుల్లో కనిపించేది హార్మోను ఆగడంవల్ల అయ్యే రక్తస్రావం. ఇన్నాళ్లూ తేదీ తప్పకుండా వస్తోందని నువ్వు మురిసిపోయింది దాన్ని చూసే. మాత్రలు మానాక అండాశయాలు మళ్లీ తమ పని అందుకోవాలి. కొందరికి నెలలోనే సర్దుకుంటుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. అయితే అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత. అందుకే మానేశాక ఒక్క నెలసరీ చూడకుండానే నీళ్లోసుకున్నవాళ్లూ ఉన్నారు. నీది ఏ సంగతో ఊహించి చెప్పే తప్పు మళ్లీ చెయ్యను.

ఆశా కార్యకర్త దగ్గర గర్భ పరీక్ష చేసుకునే నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. లేదా మందుల షాపులో కొనుక్కో. పొద్దున తొలి మూత్రంతో చెయ్యి. ఒకే గీత వస్తే వారం ఆగి మళ్లీ చూడు. మానిన మూడు నెలలకీ రాకపోతే డాక్టరమ్మకు చూపించుకో. థైరాయిడో పీసీఓఎసో ఇన్నాళ్లూ మాత్రల చాటున దాగి ఉండొచ్చు. ఈలోగా నెలసరి రప్పించే బిళ్లలు అడిగి వేసుకోకు. పొత్తికడుపులో ఒకపక్క బాగా పోటు, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు.

బిడ్డ కావాలనే మానావు కనుక ఫోలిక్ యాసిడ్ ఎంత వేసుకోవాలో డాక్టరమ్మను అడిగి ఇప్పుడే మొదలుపెట్టు. బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే నాళం గర్భం నిలిచిన తొలి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు కడుపు సంగతే తెలియదు.

ఇక "విశేషమా?" అనే ప్రశ్న. అబద్ధం చెప్పకు, ఆశలూ పెట్టకు. "తెలిశాక చెబుతానత్తయ్యా" అను, చాలు. నీ ఒంటి సంగతి ముందు నీకు తెలియాలి, తర్వాత మీ ఆయనకు. ఊరిదాకా వెళ్లడానికి చాలా టైముంది.

ఎన్ని గీతలొచ్చినా నాకు ఫోన్ చెయ్యి. నేను అయిదింటికే లేస్తాను.

పెద్దమ్మ