గింజలో తేమ

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఉండేది. రైతుల చేత విత్తన వరి పండించే ఫీల్డ్ సిబ్బంది ఆళ్లగడ్డలో ఉండేవారు. ఆ వడ్లను శుభ్రం చేసి, పరీక్షించి, సంచులకెత్తే ప్లాంటు నంద్యాలలో ఉండేది. మధ్యలో సుమారు నలభై కిలోమీటర్ల హైవే, దాని మీద తిరిగే లారీలు, ఆ లారీల చుట్టూ తిరిగే తగాదా.

తగాదా అంతా తేమ మీదే. విత్తన వరిలో తేమ 13 శాతం దాటకూడదని, నూటికి 80 గింజలైనా మొలవాలని విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు చెబుతాయి. కల్లంలో మధ్యాహ్నం కొలిచి పన్నెండున్నర అని చీటీ రాసి పంపితే, మర్నాడు ప్లాంటు మీటరు పద్నాలుగు చూపించేది. లారీ వెనక్కి పోయేది. ఆరబోత ఖర్చు రైతు లెక్కలో కోత పడేది. రైతు వచ్చి ఫీల్డ్ సూపర్‌వైజరును నిలదీసేవాడు. "ప్లాంటోళ్ల మీటరుకు గూడా మనమంటే కడుపుమంటే" అని ఆళ్లగడ్డలో అనుకునేవారు. "ఫీల్డోళ్లు గింజ కొరికి చూసి చీటీ రాస్తారు" అని నంద్యాలలో అనుకునేవారు.

ఈ గొడవ భరించలేక మేనేజరు కార్తీక మాసంలో అందరినీ మహానందికి వనభోజనాలకు తీసుకెళ్లాడు. హైదరాబాదు నుంచి ఒక ట్రైనర్‌ను కూడా పిలిపించాడు. ఫీల్డ్ వారికి పచ్చ టీషర్టులు, ప్లాంటు వారికి నీలం టీషర్టులు. కళ్లు మూసుకుని వెనక్కి పడితే పక్కవాడు పట్టుకునే ఆట ఆడించారు. పక్కవాడు ఎప్పుడూ సొంత రంగు వాడే. తర్వాత తాడులాగుడు. ప్లాంటు జట్టు గెలిచింది. "హమాలీలను దింపి గెలిచినారు, అదొక గెలుపా" అని ఫీల్డ్ వారు అలిగారు. అరటి తోటలో పంక్తులు వేస్తే పచ్చ చొక్కాలు ఒక వరసలో, నీలం చొక్కాలు ఇంకో వరసలో కూర్చున్నాయి. గ్రూపు ఫోటో మాత్రం చాలా బాగా వచ్చింది. సాయంత్రం ఒక బస్సు నంద్యాలకు, ఇంకొకటి ఆళ్లగడ్డకు పోయాయి. కోతలు మొదలైన వారంలోనే మొదటి లారీ వెనక్కి వచ్చింది.

సంక్రాంతి దగ్గర పడుతుండగా ప్లాంటు గేటు కాసే ముసలాయన సెలవు అడిగాడు. ఆయనది అహోబిలం దాపు పల్లె. పారువేటకు అహోబిలం స్వామి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు.

"మా ఊరికి పారువేట సామి వస్తాండాడు సార్."

"అహోబిలం మీకు పక్కనేగా పెద్దాయనా, ఏ ఆదివారమో నువ్వే పోయి చూసి రావచ్చు కదా?"

"ఏడాదంతా మేం పోతానే ఉంటాం సార్. ఈ నలభై దినాలు ఆయప్పే మా కాడికి వస్తాడు. కొండ కాడే కూసుంటే మా ఊర్లో ఏం జరుగుతాందో ఆయప్పకెట్ల తెలుస్తాది?"

మేనేజరు సెలవిచ్చాడు. ఆ మాట మాత్రం ఆయన్ను వదల్లేదు. కనుమ దాటిన వారంలో ల్యాబ్ మేడమ్‌ను, గ్రేడింగ్ మేస్త్రీని ఆళ్లగడ్డ కల్లాలకు పంపాడు. ఇద్దరు ఫీల్డ్ సూపర్‌వైజర్లను నంద్యాలకు రప్పించి ప్లాంటు గేటు దగ్గర, ల్యాబులో కూర్చోబెట్టాడు. టీషర్టులు లేవు, ట్రైనర్ లేడు. రెండు సంతకాలు పడితేనే లాటు లోపలికి రావాలి, అంతే షరతు.

ల్యాబ్ మేడమ్ కల్లంలో తన మీటరుతో తానే కొలిచింది. పన్నెండున్నరే. సాయంత్రం లోడెత్తిన లారీ వెంట నంద్యాల వచ్చింది. గేటు దగ్గర సూపర్‌వైజరు చలికి వణుకుతూ నిలబడి ఉన్నాడు. కాటా ఆరు గంటలకే మూసేశారు. లారీ మీద పట్ట లేదు. రాత్రంతా మంచు కురిసింది. పొద్దున పై వరస సంచుల్లో తేమ పద్నాలుగు. అంతకాలం తిట్లు తిన్న మీటర్లు రెండూ నిజమే చెప్పాయి! ల్యాబులో కూర్చున్న రెండో సూపర్‌వైజరు ఇంకోటి కనిపెట్టాడు: తాను ఇన్నాళ్లూ కుప్ప పైనున్న గింజలే తీసి కొలుస్తున్నాడు, ల్యాబు వారు సంచి నడిమిలోకి గొట్టం దింపి తీస్తున్నారు.

కోతల కాలంలో కాటా రాత్రి తొమ్మిది దాకా తెరిచారు. ప్రతి లారీకి పట్ట కట్టారు. లారీ కదలగానే ఫోను చేయాలన్నారు. వాళ్లు ప్రాణస్నేహితులయ్యారని నేను చెప్పను. ఇప్పటికీ తిట్టుకుంటారు. కాకపోతే "ప్లాంటోళ్లు, ఫీల్డోళ్లు" అని కాకుండా పేరు పెట్టి తిట్టుకుంటారు.

నీతి: జట్ల మధ్య సఖ్యత విహారంలో పుట్టదు, ఇద్దరూ చెయ్యి వేస్తే తప్ప తెమలని పనిలో పుడుతుంది.

ఇది కథ కోసం అల్లిన మాట కాదు. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని ఒక్లహోమాలో, రాబర్స్ కేవ్ పార్కులోని శిబిరంలో 22 మంది పిల్లలను రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు. జెండాలు తగలబెట్టుకునేంత వైరం పెరిగింది. కలిపి భోజనం పెడితే అక్కడే కొట్లాట, తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు, తిండి తెచ్చే ట్రక్కు కదలనప్పుడు మాత్రం కలిశారు. ఆ ట్రక్కును లాగింది దేనితో అనుకున్నారు? అంతకు ముందు పోటీలో చెరో కొస పట్టుకుని లాగిన తాడుతోనే. ఈసారి అందరూ ఒకే వైపు ఉన్నారు.

మన కార్తీక వనభోజనాలు చూడండి. ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినే ఆచారం ఇప్పుడు చాలాచోట్ల ఏ కులానికి ఆ కుల సంఘం వేసుకునే పంక్తి అయింది. ఆఫీసు విహారాలు కూడా చాలావరకు అదే దారి, కులం బదులు డిపార్ట్‌మెంటు, అంతే. వెళ్లడం తప్పని నేను అనను. మొహం తెలిసిన మనిషికి ఫోను చేయడం తేలిక, ఆ మేలు విహారానికి ఉంది. అంతకు మించి ఆశిస్తేనే డబ్బు దండగ.

వచ్చే కార్తీకానికి బస్సు మాట్లాడబోయే మేనేజర్లకు నాదొక మనవి. మహానందికి తప్పక తీసుకెళ్లండి, కోనేరు నీళ్లు చూడదగ్గవి. తాడులాగుడులో మాత్రం జట్లను డిపార్ట్‌మెంట్ల వారీగా వేయకండి. పొద్దున బయల్దేరేటప్పుడు బస్సును ఒక పూట అవతలి వాళ్లు పనిచేసే చోట ఆపించండి.