అసలు రంగు ఏది?

పోలీస్‌స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ భుజాన వేలాడే త్రీనాట్‌త్రీని మీరూ చూసే ఉంటారు. దూరం నుంచి దాని ఇనుమంతా ఒకటే నలుపు. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. బ్రిటిష్ సైన్యం కోసం పుట్టింది. మన దేశంలో బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో కూడా తయారైంది.

బ్రిటన్‌లో ఇలాంటి పాత రైఫిళ్లను సేకరించి బాగుచేసేవాళ్లున్నారు. వాళ్లను వేధించే ప్రశ్న ఒకటే: దీనికి ఏ నలుపు వేయాలి?

ప్రశ్న చిన్నదే, జవాబే కష్టం. రెండో ప్రపంచయుద్ధంలో చేసిన నంబర్ 4 రైఫిల్‌నే తీసుకోండి. అప్పుడు చాలావాటి ఇనుముకు రసాయనాలతో నలుపు తెప్పించారే గానీ పెయింట్ వేయలేదు. యుద్ధం అయ్యాక ఎన్నో రైఫిళ్లు ఫ్యాక్టరీకి తిరిగొచ్చాయి. అక్కడ పూర్తిగా మరమ్మతు చేసి, ఫాస్ఫేట్ పూత పెట్టి, దానిమీద సన్‌కోరైట్ అనే నల్ల పెయింట్ వేసి, బట్టీలో కాల్చారు. ఎఫ్‌టీఆర్ అనే అక్షరాలు, సంవత్సరం ముద్ర కొట్టారు. మరి అసలు రంగు ఏది? పుట్టిననాటిదా, మరమ్మతునాటిదా? మొదటిది కావాలని రెండోదాన్ని గీకేస్తే, అదీ చరిత్రే కదా, పోతుంది.

పనివాడు చెక్క తొడుగు విప్పి లోపల చూస్తాడు. ఎండా, చేతి చెమటా తగలని చోట పాత పూత చెక్కుచెదరకుండా ఉంటుంది. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు ఎండలో వేరుగా కనపడొచ్చు కాబట్టి, పగటి వెలుగులోనే పోల్చి కలుపుతాడు. ఇంతవరకూ తప్పేం లేదు. తుప్పు ఆపడం మంచి పనే.

కానీ ఒక్క మాట ఆలోచించండి. అదే డబ్బా, అదే బ్రష్. ఒకడు తుప్పు ఆపడానికి వేస్తాడు. ఇంకొకడు ఎవరూ ముట్టని పాతదని అమ్మడానికి వేస్తాడు. రంగులో తేడా లేదు, తేడా అంతా మనసులోనే ఉంది. రంగు ఎంత బాగా కలిస్తే, అబద్ధం చెప్పడం అంత తేలికవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇది కుర్చీ కాదు, మనిషిని చంపడానికి చేసిన వస్తువు. పట్టుకునే చోట అరిగిన పూత, అది ఎన్నేళ్లు ఎన్ని చేతులు మారిందో చెబుతుంది. ఆ గొట్టానికి ఎదురుగా నిలబడ్డవాళ్ల గుర్తు మాత్రం దానిమీద ఎక్కడా ఉండదు. అరుగుదల కూడా కప్పేస్తే, తుపాకీ అందమైన బొమ్మలా మిగులుతుంది.

అందుకే బాగుచేసేవాళ్లు మూడు పనులు చేస్తే చాలు. చెక్క కింద పాత పూతను కాస్త అలాగే వదిలేయాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏం వేశారో కాగితం మీద రాసి పెట్టాలి. ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పాలి: "ఈ రంగు నేను వేసిందే."