బంధము కూడ దోషమే

శ్రావకుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు కలవు. తత్త్వార్థ సూత్రము వానిలో మొదట చెప్పినది బంధము. కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు పెట్టుట, తిండి నీళ్లు ఆపుట దాని తరువాతివి. కనుక, కడుపునిండ మేత వేయుచున్నాము గదా అన్నంతమాత్రమున ప్రాణిని బంధించిన దోషము పోదు.

వ్యాసర్పాడికి పడమర కొళత్తూరులో రంగుచేపలను తొట్లలో పెంచి అమ్ముట పేరుపొందిన వ్యాపారము. చూచి చూచి కన్ను అలవాటుపడినది. అది బంధమని ఎవరికిని తోచదు. ఇప్పుడు విదేశములలో ఆక్టోపస్ అను ఎనిమిది చేతుల సముద్రజీవిని కూడ ఇట్లే తొట్లలో పెంచదలచిరి. స్పెయిను దేశపు న్యూవా పెస్కనోవా కంపెనీ గ్రాన్ కనేరియా ద్వీపములో ఏటా 3,000 టన్నులు, అనగా సుమారు పది లక్షల ప్రాణులు, తీయవలెనని ప్రణాళిక వేసినది. వానిని మంచునీటిలో ముంచి చంపవలెనని ఆలోచన. ఈ వివరములు 2023 లో బయటపడినవి.

ఇది శంఖము, ఆలుచిప్పల వర్గములోనిదే, ద్వీంద్రియము గదా అని కొందరనవచ్చును. కాని దీనికి చక్కని కన్నులున్నవి. చూచు ప్రాణిని ద్వీంద్రియమని ఎట్లనగలము? మూడు గుండెలు, సుమారు 50 కోట్ల నాడీకణములు కలది, ఒంటరిగా బ్రతుకునది. తల్లి గ్రుడ్లకు కాపుండి, ఆహారము మాని, అవి పొదిగినంతనే ప్రాణము విడుచును. అట్టిదానిని గుంపుగా తొట్టిలో క్రుక్కుట ఎంతటి బంధమో ఆలోచింపవలెను.

పెంచినచో సముద్రములో పట్టుట తగ్గునని వ్యాపారులు చెప్పుదురు. ఈ లెక్క నిలువదు. ఆక్టోపస్ మాంసాహారి, దానిని మేపుటకు వేరే జలచరములను చంపవలసినదే.

"మనము తినము, పెంచము, మనకేమి?" అను మాట అంగడివీధిలో సులభముగా వచ్చును. కాని చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడును శాస్త్రము లెక్కకు తెచ్చినది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రము 2024 లో ఈ పెంపకమును నిషేధించినది. అదే ఏడు కాలిఫోర్నియా చేసిన చట్టము పెంపకముతో ఆగక, పెంచిన సరుకు అమ్మకమును కూడ నిషేధించినది. అమ్మువానికి పాలు లేదని అక్కడి వారు కూడ అనుకొనలేదు!

వ్యాసర్పాడిలో ఎవరును ఆక్టోపస్ తొట్టి కట్టబోరు. అయితే సొమ్మునకు ఊరి ఎల్లలు లేవు. అది వడ్డీకి పోవును, షేర్లలోనికి పోవును, మంచు యంత్రములకు, మేత సరుకునకు పోవును. ఏ కంపెనీలో పెట్టుబడి పెట్టినను లాభము ఎంత అని అడిగినట్లే, అది ఏ ప్రాణిని బంధించి వచ్చినదని కూడ అడుగవలెను. అడుగ మొదలిడినచో, రంగుచేపల తొట్లపై ఇచ్చిన బాకీలెవరికైన ఉన్నచో ఆ సంగతియు తప్పక వచ్చును.